ప్రోగ్రామబుల్ హీట్ డిటెక్టర్‌ను ఎంచుకోవడం ఎలా: వాణిజ్య భవనాల ఫైర్ అలారం వ్యవస్థలకు సమగ్ర మార్గదర్శి

హోటల్ వంటగదిలో, జనరేటర్ గదిలో, రేకుల గోదాములో స్మోక్ డిటెక్టర్ నిలవదన్న సంగతి ఫైర్ అలారం పని తెలిసిన వారందరికీ తెలుసు. అందుకే అలాంటి చోట్ల హీట్ డిటెక్టర్ పెట్టాలని టెండరులో రాస్తారు. ఆ డిటెక్టర్ ఎన్ని డిగ్రీలకు మోగాలి, ఎంత వేగంగా పెరిగే వేడిని మంటగా లెక్కించాలి, ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి అన్నవి మాత్రం చాలా టెండర్లలో కనిపించవు. పాత డిటెక్టర్లలో ఆ నిర్ణయం ఫ్యాక్టరీలోనే జరిగిపోయేది. 57 డిగ్రీల డిటెక్టర్ కొంటే అది జీవితాంతం 57 డిగ్రీల డిటెక్టరే. ప్రోగ్రామబుల్ డిటెక్టర్ వచ్చాక అదే పరికరాన్ని ఆఫీసులో ఒకలా, బాయిలర్ గదిలో మరొకలా పనిచేయించే వీలు కలిగింది. ఈ వీలును వాడుకోకుండా డబ్బాలోంచి తీసినదాన్ని తీసినట్టే బిగిస్తే, వంటగదిలో రోజూ ఉత్తుత్తి అలారం మోగుతుంది, లేదా గోదాములో నిజమైన మంటకు అలారం ఆలస్యమవుతుంది. ఈ రంగంలో పనిచేస్తూ నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం డిటెక్టర్ లోపం వల్ల వచ్చినవి కావు. గదిని చూడకుండా సెట్టింగును వదిలేయడం వల్ల వచ్చినవి. అందువల్ల ఈ మార్గదర్శిలో కేటలాగు కంటే ముందు గదిని చూస్తాం.

మొదటి అడుగు: అక్కడ హీట్ డిటెక్టర్ సరిపోతుందా అని తేల్చుకోండి

హీట్ డిటెక్టర్ పసిగట్టాలంటే కప్పు దగ్గరి గాలి వేడెక్కాలి, అందుకు మంట కొంత పెద్దది కావాలి. పరుపులోనో, సోఫాలోనో, వైరింగులోనో రగిలే నిప్పు చాలాసేపు పొగ వదులుతూ ఉన్నా కప్పు దగ్గర ఉష్ణోగ్రత పెద్దగా పెరగదు. మనుషుల ప్రాణాలు తీసేది చాలాసార్లు ఆ పొగే. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు రేగినప్పుడు, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది చనిపోయారు. కాబట్టి మనుషులు నిద్రపోయే గదులు, వరండాలు, మెట్లదారులు, బయటకు వెళ్లే దారులు స్మోక్ డిటెక్టర్లకే వదలండి. ఖర్చు తగ్గుతుందని అక్కడ హీట్ డిటెక్టర్ పెట్టమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. ఎలక్ట్రికల్ ప్యానెల్ గదిలోనూ, సర్వర్ గదిలోనూ మొదట కాలేది వైరు తొడుగు కాబట్టి అక్కడా పొగనే పట్టుకోవాలి.

హీట్ డిటెక్టర్ అసలు చోట్లు వేరు. మామూలు పనిలోనే పొగ, ఆవిరి, దుమ్ము ఉండే వంటగది, లాండ్రీ, జనరేటర్ గది, బాయిలర్ గది, సెల్లార్ పార్కింగ్, పిండిమర, సరుకు దించే ప్లాట్‌ఫారం వంటివి. ఇక్కడ దాని పని ప్రధానంగా ఆస్తిని కాపాడటం, మంట పక్క గదులకు పాకకముందే కబురు చెప్పడం.

మధ్యస్థంగా ఉండే చోట్లు కొన్ని ఉంటాయి. కల్యాణ మండపం అందుకు మంచి ఉదాహరణ. హాలు నిండా జనం ఉంటారు కనుక పొగను పట్టుకోవాలి, కానీ హోమం, కర్పూరం, ధూపం వల్ల స్మోక్ డిటెక్టర్ పెళ్లి మధ్యలో మోగుతుంది. ఇలాంటి చోట పొగను, వేడిని రెండింటినీ కొలిచే మల్టీ సెన్సర్ డిటెక్టర్ తీసుకుని, హోమం జరిగేటప్పుడు వేదిక పైనున్న వాటిని మాత్రం వేడి ఒక్కదాన్నే చూసేలా ప్రోగ్రామ్ చేయడం సరైన మార్గం. దీన్ని గడియారానికి ముడిపెట్టే అలవాటు పాశ్చాత్య దేశాల ఆఫీసు భవనాల నుంచి వచ్చింది: పగలు ఒక సెట్టింగు, రాత్రి మరొకటి. మన ముహూర్తం తెల్లవారుజామున 3 గంటలకు కూడా ఉండవచ్చు. అందుచేత గడియారం బదులు తాళంచెవితో తిప్పే స్విచ్ పెట్టించి, తిప్పిన తర్వాత నిర్ణీత సమయానికి దానంతట అదే పొగను చూసే స్థితికి తిరిగి వచ్చేలా ప్రోగ్రామ్ చేయించండి. మనిషి మర్చిపోయినా వ్యవస్థ మర్చిపోకూడదు.

రెండో అడుగు: ప్రోగ్రామబుల్ అన్న మాటకు ఆ కంపెనీ అర్థం ఏమిటో అడగండి

ఈ ఒక్క మాటతో బజారులో మూడు రకాల పరికరాలు అమ్ముతున్నారు. మొదటి రకంలో ప్రోగ్రామ్ చేయగలిగేది అడ్రస్ మాత్రమే, అంటే అలారం వ్యవస్థను నడిపే ప్రధాన పెట్టె (ప్యానెల్) ఆ డిటెక్టర్‌ను గుర్తుపట్టే నంబరు; మోగే ఉష్ణోగ్రత ఫ్యాక్టరీలో స్థిరపడి ఉంటుంది, దాన్ని మార్చలేం. రెండో రకంలో డిటెక్టర్ లోపలే నాలుగైదు రెస్పాన్స్ మోడ్‌లు (వేడికి స్పందించే తీరులు) ఉంటాయి, ప్యానెల్ నుంచి గానీ చేతిలో పట్టుకునే ప్రోగ్రామర్‌తో గానీ వాటిలో ఒకటి ఎంచుకుంటాం. మూడో రకంలో డిటెక్టర్ తాను కొలిచిన ఉష్ణోగ్రతను అంకెగా ప్యానెల్‌కు పంపుతూ ఉంటుంది, అది మంటా కాదా అన్నది ప్యానెల్ తేలుస్తుంది.

లోపలి పనితీరు తెలిస్తే ఈ తేడా సులభంగా అర్థమవుతుంది. ఆధునిక హీట్ డిటెక్టర్‌లో కొసన కనిపించే చిన్న పూస థర్మిస్టర్. వేడి పెరిగే కొద్దీ దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది, ఆ మార్పును లోపలి చిప్ ఉష్ణోగ్రతగా లెక్కకడుతుంది. పరికరం కొలిచేది ఒక్క ఉష్ణోగ్రతనే అయినా, దాన్ని రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. ఒకటి, ఒక హద్దు దాటిందా అన్నది. రెండోది, నిమిషానికి ఎంత వేగంగా పెరుగుతోంది అన్నది. అమెరికా పద్ధతిలో తయారయ్యే డిటెక్టర్లలో ఈ రెండోదానికి నిమిషానికి 8.3 డిగ్రీల పెరుగుదల ఎప్పటినుంచో వాడుకలో ఉన్న హద్దు.

అమ్మే వారిని రెండు ప్రశ్నలు తప్పక అడగండి. సెట్టింగు ఎక్కడ ఉంటుంది: డిటెక్టర్‌లోనా, కప్పుకు బిగించి డిటెక్టర్‌ను తగిలించే బేస్‌లోనా, ప్యానెల్‌లోనా? డిటెక్టర్ మార్చిన రోజున ఆ సెట్టింగు కొత్తదానికి దానంతట అదే చేరుతుందా, లేక మనం మళ్లీ పెట్టాలా అన్నది ఈ జవాబును బట్టి ఉంటుంది. ఇక రెండో ప్రశ్న, ప్యానెల్‌లోని ప్రధాన ప్రాసెసర్ ఆగిపోతే డిటెక్టర్ ఏ హద్దు దగ్గర మోగుతుంది, అసలు మోగుతుందా? నిర్ణయం ప్యానెల్‌లో జరిగే వ్యవస్థలకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం. జవాబును నోటిమాటగా కాకుండా డేటా షీట్‌లోనో, కంపెనీ లెటర్‌హెడ్ మీదనో తీసుకోండి.

మూడో అడుగు: ప్యానెల్‌తో పొత్తు చూడండి

అడ్రసబుల్ డిటెక్టర్, ప్యానెల్ మాట్లాడుకునే భాషను ప్రోటోకాల్ అంటాం. ఇది దాదాపుగా కంపెనీకొకటి. ఒక కంపెనీ డిటెక్టర్ మరో కంపెనీ లూప్‌లో, అంటే డిటెక్టర్లను ప్యానెల్‌కు కలిపే వైరు వలయంలో, సాధారణంగా పనిచేయదు. ఒక్కోసారి అదే కంపెనీ పాత తరం ప్యానెల్ కొత్త తరం డిటెక్టర్‌ను గుర్తించినా, దానిలోని అన్ని మోడ్‌లనూ వాడుకోలేదు. ఉన్న భవనానికి డిటెక్టర్లు చేర్చే పని అయితే, ముందు ప్యానెల్ మోడల్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాసుకుని, ఆ వెర్షన్ ఏ డిటెక్టర్లకు సరిపోతుందో చూపే కంపాటిబిలిటీ పత్రం తెప్పించుకోండి. మీ చేతిలో ప్యానెల్ పాస్‌వర్డ్, ప్రోగ్రామ్ ఫైలు ఉన్నాయో లేవో కూడా ఇప్పుడే తెలుసుకోవాలి. పాత కాంట్రాక్టర్ వాటిని తనతో తీసుకుపోతే, ఎంత మంచి ప్రోగ్రామబుల్ డిటెక్టర్ కొన్నా దాన్ని ప్రోగ్రామ్ చేసే దారి ఉండదు.

తర్వాత లూప్‌లో చోటు. ఒక కంపెనీ లూప్‌లో మొత్తం 126 అడ్రస్‌లు ఉంటే, మరొకదానిలో 159 డిటెక్టర్లు, 159 మాడ్యూళ్లు (స్విచ్‌లు, హూటర్ల వంటి ఇతర పరికరాలను లూప్‌కు కలిపేవి) ఉంటాయి. ఐదో వంతు అడ్రస్‌లు ఖాళీగా ఉంచడం మంచి అలవాటు, ఎందుకంటే వాణిజ్య భవనంలో పార్టిషన్లు మారకుండా రెండేళ్లు గడవడం అరుదు. షార్ట్ సర్క్యూట్ వస్తే లూప్ మొత్తం మూగబోకుండా, చెడిన భాగాన్ని విడదీసే ఐసొలేటర్లు ఉండాలి. బ్రిటన్ ప్రమాణం బి.ఎస్. 5839-1 ప్రకారం ఒక్క లోపం వల్ల 2,000 చదరపు మీటర్లకు మించిన ప్రాంతం రక్షణ కోల్పోకూడదు. ఐసొలేటర్ లోపలే ఉన్న డిటెక్టర్లు, విడి ఐసొలేటర్ బేస్‌లు రెండూ దొరుకుతాయి. ఏది తీసుకున్నా డ్రాయింగులో గుర్తు పెట్టించండి.

నాలుగో అడుగు: కప్పు దగ్గర వేడిని కొలవండి

మొత్తం ఎంపికలో దీన్ని మించిన పని లేదు. దీనికి అయ్యే ఖర్చు ఒక చిన్న డేటా లాగర్ లేదా గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టుకునే థర్మామీటర్, ఒక నిచ్చెన మాత్రమే.

మనిషి నిలబడే ఎత్తులో 38 డిగ్రీలు ఉన్న రేకుల షెడ్డులో, మే నెల మధ్యాహ్నం రేకు కింద ఒక జానెడు దూరంలో గాలి 60 డిగ్రీలు దాటడం నేను స్వయంగా చూశాను. మిర్చి, పత్తి, ఫర్నిచర్ నిల్వచేసే గోదాముల యజమానులు కింద నిలబడి ‘లోపల అంత వేడిగా ఏమీ ఉండదండీ’ అంటారు. కింద నిలబడ్డ చోట అది నిజమే. డిటెక్టర్ ఉండేది పైన. అందుకని డిటెక్టర్ బిగించబోయే చోటే, అంటే కప్పుకు 25 నుంచి 150 మిల్లీమీటర్ల దిగువన, లాగర్ వేలాడదీసి కనీసం ఒక వారం ఉంచండి. ఎండాకాలంలో కుదరకపోతే, కొలిచిన అంకెకు ఎండాకాలం పెరుగుదలను కలుపుకోవాలి. డిసెంబరులో కొలిచిన అంకెను అలాగే వాడితే మే నెలలో అలారం ఖాయం.

గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే చాలదు, వేగం కూడా కావాలి. లాగర్‌ను నిమిషానికొక రీడింగు తీసుకునేలా పెడితే, ఓవెన్ తలుపు తెరిచినప్పుడో, జనరేటర్ స్టార్ట్ అయినప్పుడో ఉష్ణోగ్రత ఎలా ఎగబాకుతుందో తెలుస్తుంది. 34 డిగ్రీల నుంచి 2 నిమిషాల్లో 52కు వెళ్లిందంటే నిమిషానికి 9 డిగ్రీలు పెరిగినట్టు. 8.3 హద్దున్న డిటెక్టర్‌కు అది మంటే.

విజయవాడలో ఒక హోటల్ వంటగదిలో నాకు ఎదురైనది చెబుతాను. తెల్లవారుజామున ఐదున్నరకు అలారం, దాదాపు ప్రతిరోజూ. ప్యానెల్ హిస్టరీలో ప్రతిసారీ అదే అడ్రస్. మేము వెళ్లి చూస్తే ఆ డిటెక్టర్‌కు పాల ప్యాకెట్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసి ఉంది, కవరు లోపల చెమ్మ పట్టి ఉంది. మరుసటి రోజు తెల్లవారుజామున అక్కడే నిలబడ్డాం. సరిగ్గా ఆ డిటెక్టర్ కింద పెద్ద ఇడ్లీ పాత్ర. మూత తీసిన క్షణాన ఆవిరి నిలువుగా లేచి కప్పును తాకి నాలుగు వైపులా పరుచుకుంది. డిటెక్టర్ తన పని తాను సక్రమంగానే చేస్తోంది, ఎవరూ దానికి వంటగది గురించి చెప్పలేదంతే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ‘ఎ1ఆర్’ సెట్టింగులోనే, అంటే వేడి పెరిగే వేగాన్ని కూడా చూసే సెట్టింగులోనే ఉంది. దాన్ని ఆవిరి దారి నుంచి రెండు మీటర్లు పక్కకు జరిపి, వేగాన్ని పట్టించుకోని సెట్టింగుకు మార్చాక అలారం ఆగింది. కవరు తొడిగిన మనిషిని తప్పుపట్టే ముందు ఒక్క సంగతి గుర్తించాలి: ఉత్తుత్తి అలారం ఆపడానికి మనం దారి చూపకపోతే, సిబ్బంది తమకు తోచిన దారి వెతుక్కుంటారు, ఆ కవరు కింద ఉన్నంతకాలం వంటగదికి రక్షణ ఉండదు.

ఐదో అడుగు: తరగతిని నిర్ణయించండి

కొలిచిన అంకెలు చేతికొచ్చాక తరగతిని ఎంచుకోవడం సులభం. మన దేశంలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి కనుక రెండూ తెలిసి ఉండాలి.

యూరోపియన్ ప్రమాణం ఈ.ఎన్. 54-5 డిటెక్టర్లను ఎ1, ఎ2 నుంచి జి దాకా తరగతులుగా విభజించింది. ఎ1, ఎ2 తరగతులు గరిష్ఠంగా 50 డిగ్రీల దాకా వెళ్లే చోట్లకు. నెమ్మదిగా పెరిగే వేడికి ఎ1 తరగతి 54 నుంచి 65 డిగ్రీల మధ్య, ఎ2 తరగతి 54 నుంచి 70 మధ్య మోగాలి. బి తరగతి 65 డిగ్రీల దాకా వెళ్లే చోట్లకు, మోగేది 69 నుంచి 85 మధ్య. సి తరగతి 80 డిగ్రీల చోట్లకు, మోగేది 84 నుంచి 100 మధ్య. డి తరగతి 95 డిగ్రీల చోట్లకు, మోగేది 99 నుంచి 115 మధ్య. ఆపైన ఇ, ఎఫ్, జి కూడా 15 డిగ్రీల మెట్లతోనే పెరుగుతాయి. వాణిజ్య భవనాల్లో వాటి అవసరం అరుదు.

తరగతి పక్కన ఉండే అక్షరాన్ని చాలామంది చూడరు, నిజానికి చాలా ఉత్తుత్తి అలారాలు ఆ అక్షరం దగ్గరే తేలతాయి. ‘ఆర్’ అని ఉంటే ఆ డిటెక్టర్ వేగాన్ని కూడా చూస్తుంది, గది చల్లగా ఉన్నప్పుడు కూడా వేగంగా పెరిగే వేడికి త్వరగా స్పందిస్తుంది. ‘ఎస్’ అని ఉంటే, వేడి ఎంత వేగంగా పెరిగినా సరే తన కనీస ఉష్ణోగ్రత చేరేదాకా మోగదు. పగటికీ రాత్రికీ, ఎండకూ చలికీ ఉష్ణోగ్రత బాగా మారినా ఆ మార్పు నెమ్మదిగా జరిగే గోదాములకు, శీతల గిడ్డంగులకు ‘ఆర్’ మంచిది. తలుపు తెరిస్తేనో, మూత తీస్తేనో వేడి ఒక్కసారిగా ఎగసే వంటగదికి, బాయిలర్ గదికి, లాండ్రీకి ‘ఎస్’ కావాలి.

అమెరికా పద్ధతి ఎన్.ఎఫ్.పి.ఎ. 72లో నియమం సూటిగా ఉంటుంది: డిటెక్టర్ మోగే ఉష్ణోగ్రత, కప్పు దగ్గర వచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే కనీసం 11 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. ఆ పద్ధతిలో తయారయ్యే అడ్రసబుల్ డిటెక్టర్లు సాధారణంగా 57 డిగ్రీలవి, 88 డిగ్రీలవి దొరుకుతాయి.

పైన చెప్పిన రేకుల షెడ్డునే తీసుకుందాం. గరిష్ఠం 61 డిగ్రీలు. ఎ తరగతులు 50కే పరిమితం కనుక పనికిరావు. బి తరగతి 65 దాకా సరిపోతుంది, రోజువారీ మార్పు నెమ్మదిగా ఉంటుంది కాబట్టి బిఆర్ ఎంచుకోవచ్చు. అమెరికా లెక్కలో 61కి 11 కలిపితే 72, కనుక 57 డిగ్రీలది పోయి 88 డిగ్రీలది రావాలి. ఇక వంటగదిలో కప్పు దగ్గర 58 డిగ్రీలు వచ్చి, ఉష్ణోగ్రత ఎగిరెగిరి పడుతుంటే బిఎస్ సరైనది. కొన్ని కంపెనీల డిటెక్టర్లలో ఎ తర్వాత నేరుగా సి మాత్రమే ఉంటుంది. అప్పుడు ఎ2ఎస్‌తో సర్దుకుందామనుకోకుండా సిఎస్‌కే వెళ్లాలి, లేదా డిటెక్టర్‌ను చల్లటి చోటికి జరపగలమేమో చూడాలి. అనవసరంగా పెద్ద తరగతి తీసుకోవడం కూడా తప్పే, ఎందుకంటే ప్రతి మెట్టు పైకి వెళ్లినప్పుడల్లా అలారం మోగేసరికి మంట మరింత పెద్దదవుతుంది. గరిష్ఠ ఉష్ణోగ్రతకు సరిపోయే తరగతుల్లో అతి తక్కువదాన్ని తీసుకోండి.

ఎయిర్ కండిషనింగ్ ఉన్న స్టోర్ రూం, పాంట్రీ, సెల్లార్ పార్కింగ్ వంటి మామూలు చోట్లకు ఎ1ఆర్ చాలు.

ఆరో అడుగు: ఎత్తు, దూరం, సంఖ్య

వేడి గాలి పైకి లేచే కొద్దీ చుట్టూ ఉన్న చల్లటి గాలిని కలుపుకుని చల్లబడుతుంది, అందువల్ల కప్పు ఎత్తు పెరిగిన కొద్దీ హీట్ డిటెక్టర్ బలహీనపడుతుంది. బి.ఎస్. 5839-1లో ఎ1 తరగతికి సాధారణ పరిమితి 9 మీటర్లు, మిగతా తరగతులకు 7.5 మీటర్లు. ఏ చోటు కూడా దగ్గరి హీట్ డిటెక్టర్‌కు 5.3 మీటర్లకు మించిన దూరంలో ఉండకూడదు. చతురస్రాకారంగా అమర్చితే డిటెక్టర్ల మధ్య 7.5 మీటర్లు వస్తుంది. స్మోక్ డిటెక్టర్‌కైతే ఆ 5.3 మీటర్ల బదులు 7.5 మీటర్లు కాబట్టి, స్మోక్ డిటెక్టర్ల డ్రాయింగులోని గుర్తులను హీట్ డిటెక్టర్లుగా మార్చేస్తే మధ్యలో రక్షణ లేని జాగాలు మిగిలిపోతాయి. ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది.

ఎన్.ఎఫ్.పి.ఎ. పద్ధతిలో డిటెక్టర్ల మధ్య ఉంచదగినదిగా పరీక్షల్లో తేలిన దూరం డేటా షీట్ మీద ఉంటుంది. చాలా వాటికి అది 15.2 మీటర్లు. ఆ అంకె 3 మీటర్ల ఎత్తు కప్పుకే వర్తిస్తుంది. సుమారు 6 మీటర్ల ఎత్తుకు దాన్ని 0.64తో, సుమారు 9 మీటర్ల ఎత్తుకు 0.34తో గుణించాలి. 30 మీటర్ల పొడవు, 22.5 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు, సమతలమైన కప్పు ఉన్న గోదాము అనుకోండి. డేటా షీట్‌లోని 15.2ను అలాగే వాడితే 4 డిటెక్టర్లు చాలనిపిస్తుంది. ఎత్తు లెక్క వేస్తే దూరం 9.7 మీటర్లకు తగ్గి, పొడవునా 4, వెడల్పున 3 చొప్పున 12 కావాలి. బ్రిటన్ పద్ధతిలో 7.5 మీటర్లతో వేసినా 12 వస్తాయి. కొటేషన్లో 4 అని రాసిన వారు చౌకగా కనిపిస్తారు. ఎందుకు చౌకో ఇప్పుడు తెలిసింది కదా.

దూలాల సంగతి మర్చిపోకూడదు. కప్పు ఎత్తులో పదోవంతుకు మించిన లోతున్న దూలాన్ని గోడగానే లెక్కించాలి. 4 మీటర్ల సెల్లార్‌లో 40 సెంటీమీటర్లు దాటిన దూలం కింద నుంచి వేడి పక్క గడిలోకి పోవడానికి ముందు తన గడిని, అంటే రెండు దూలాల మధ్య జాగాను, నింపాలి. వాలు కప్పుకు శిఖరం దగ్గర ఒక వరుస వేయండి. ఏసీ గాలి వచ్చే గ్రిల్‌కు కనీసం ఒక మీటరు, గోడకు అర మీటరు ఎడం ఉంచండి.

ఏడో అడుగు: గాలి, తేమ, వాయువు

వంటగదికి, లాండ్రీకి తేమను తట్టుకునే బేస్, సీలింగ్ రబ్బరు తీసుకోండి. శీతల గిడ్డంగికి డిటెక్టర్ పనిచేసే కనిష్ఠ ఉష్ణోగ్రతను డేటా షీట్‌లో చూసి, తలుపు దగ్గర నీరు గడ్డకట్టే చోట పెట్టకండి. పెయింట్ల గది, స్పిరిట్ నిల్వ వంటి పేలుడు ప్రమాదమున్న చోట్లకు మామూలు డిటెక్టర్ పెట్టకూడదు; వాటికి పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో ఆమోదం ఉన్న ప్రత్యేక పరికరాలే వాడాలి. హీట్ డిటెక్టర్ వంటగ్యాస్ లీకును కనిపెట్టదు, పొయ్యి పైనున్న హుడ్‌లో నూనె అంటుకుంటే ఆర్పదు. ఆ రెంటికీ వేరే వ్యవస్థలు ఉండాలి.

ఎనిమిదో అడుగు: పత్రాలు, టెండరు మాటలు

మన దగ్గర జాతీయ నిర్మాణ స్మృతి 2016 నాలుగో భాగం, ఫైర్ అలారం వ్యవస్థలపై భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2189 ప్రాథమిక ఆధారాలు. అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీకి వెళ్లేటప్పుడు వీటినే చూపాలి. పరికరం మీద అమెరికా పరీక్షా సంస్థ యు.ఎల్. ముద్ర అయినా, ఈ.ఎన్. 54-5 సర్టిఫికెట్ అయినా పర్వాలేదు, కానీ ఒకే ప్రాజెక్టులో ఒక ప్రమాణం పరికరాన్ని మరో ప్రమాణం దూరాలతో అమర్చకండి. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన టెక్నీషియన్లు ఎన్.ఎఫ్.పి.ఎ. లెక్కలకు, హైదరాబాద్‌లో యూరోపియన్ పరికరాలతో పనిచేసిన వారు బ్రిటన్ లెక్కలకు అలవాటు పడి ఉంటారు. ఇద్దరూ ఒకే సైటులో ఉంటే ఏ లెక్క వాడుతున్నారో మొదటిరోజే కాగితం మీద పెట్టించండి. సర్టిఫికెట్ నంబరును జారీచేసిన సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

టెండరులో ‘అడ్రసబుల్ హీట్ డిటెక్టర్, 40 నంబర్లు’ అని రాసి వదిలేయకండి. గదివారీగా తరగతి, అక్షరం, కప్పు ఎత్తు, కొలిచిన గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక పట్టికగా జతచేసి, ‘సెట్టింగులను సరఫరాదారే ప్రోగ్రామ్ చేసి, ప్యానెల్ నుంచి ప్రింటు తీసి అప్పగించాలి’ అని ఒక వాక్యం చేర్చండి. ప్రోగ్రామ్ ఫైలు, పాస్‌వర్డ్ యజమానికి చెందుతాయని కూడా రాయండి.

తొమ్మిదో అడుగు: ప్రోగ్రామింగ్

ప్రతి డిటెక్టర్‌కు అడ్రస్ ఇచ్చాక, ప్యానెల్ తెర మీద కనిపించే పేరు పెట్టడంలో శ్రద్ధ చూపండి. ‘జోన్ 3 హీట్ 07’ అంటే రాత్రి డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ గార్డుకు ఏమీ అర్థం కాదు. ‘మొదటి అంతస్తు వంటగది, ఇడ్లీ పొయ్యి పక్కన’ అంటే నేరుగా అక్కడికే పరుగెత్తుతాడు. ప్యానెల్‌లో తెలుగు లిపి రాకపోతే, అడ్రస్‌కు ఎదురుగా తెలుగులో చోటు పేరు రాసిన పట్టికను ప్యానెల్ పక్కనే గోడకు అంటించండి.

ప్రీ అలారం సౌకర్యం ఉంటే, అంటే హద్దుకు కొంచెం ముందే సిబ్బందికి మాత్రమే హెచ్చరిక ఇచ్చే వీలుంటే, దాన్ని జనరేటర్ గదిలో, బాయిలర్ గదిలో వాడుకోండి. రెండు డిటెక్టర్లు ఒకేసారి మోగితేనే పూర్తి అలారం అన్న పద్ధతిని గ్యాస్ వదిలే ఆర్పే వ్యవస్థలకే పరిమితం చేయడం మంచిదని నా అభిప్రాయం. ఒక్కటే డిటెక్టర్ ఉన్న గదిలో ఆ పద్ధతి పెడితే ఆ గదికి అలారమే ఉండదు, అయినా అలా ప్రోగ్రామ్ చేసినవి చూశాను. ఏసీ ఆపడం, లిఫ్టులను కిందికి దించడం, తలుపుల తాళాలు విడిపించడం వంటి పనుల్లో ఏవి ఏ డిటెక్టర్‌తో జరగాలో ముందే పట్టిక వేసుకుని, దాని ప్రకారమే ప్రోగ్రామ్ చేయించండి.

పదో అడుగు: పరీక్ష, ఆ తర్వాతి సంవత్సరాలు

అప్పగింత రోజున ప్రతి డిటెక్టర్‌నూ వేడి గాలి టెస్టర్‌తో మోగించి చూడాలి. అగ్గిపుల్ల, లైటర్ వాడనివ్వకండి. ప్లాస్టిక్ కరుగుతుంది, థర్మిస్టర్ దెబ్బతింటుంది, పైగా మోగిందన్న ఒక్క విషయం తప్ప మరేమీ తెలియదు. కర్ర చివర బిగించే సాధారణ టెస్టర్లు దాదాపు 90 డిగ్రీల దాకానే వేడినిస్తాయి, అందుచేత సి తరగతి, ఆపై వాటిని మోగించలేకపోవచ్చు. అలాంటప్పుడు కొందరు సెట్టింగును తాత్కాలికంగా ఎ1కు దించి పరీక్షిస్తారు. అది చేయదగిన పనే, కానీ దించిన ప్రతి అడ్రస్‌నూ కాగితం మీద రాసుకుని, తిరిగి పెంచాక ప్యానెల్ ప్రింటుతో పోల్చి సంతకం చేయాలి.

ఎన్.ఎఫ్.పి.ఎ. 72 ప్రకారం, తిరిగి వాడుకోగల హీట్ డిటెక్టర్లలో ఏటా కొన్నింటిని పరీక్షిస్తూ ఐదేళ్లలో అన్నీ పూర్తి చేయవచ్చు, బి.ఎస్. 5839-1 ఏటా అన్నింటినీ పరీక్షించమంటుంది. నూనె, ఆవిరి ఉన్న మన వంటగదులకు రెండోదే తగినది. సున్నాలు, పెయింట్లు వేసే ముందు డిటెక్టర్లకు మూతలు తొడిగించి, పని అయిన సాయంత్రమే ఎన్ని తొడిగారో అన్నీ లెక్కపెట్టి తీయించండి; పెయింట్ పడిన డిటెక్టర్‌ను తుడిచి వాడకుండా మార్చేయాలి. అద్దెదారు మారి, స్టోర్ రూం వంటగదిగానో, వంటగది ఆఫీసుగానో మారితే, నాలుగో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

ప్యానెల్ గదిలో విడి డిటెక్టర్లు రెండు మూడు ఉంచేటప్పుడు ఒక జాగ్రత్త పాటించండి. కొత్త డిటెక్టర్ ఫ్యాక్టరీ సెట్టింగుతోనే వస్తుంది. సెట్టింగు డిటెక్టర్‌లోనే ఉండే వ్యవస్థ అయితే, రాత్రిపూట ఎవరో పాడైనదాన్ని తీసి కొత్తది బిగించిన క్షణాన వంటగది తిరిగి ఎ1ఆర్ అయిపోతుంది, తెల్లవారుజామున మళ్లీ అలారం మోగుతుంది. అందుకని ప్రతి బేస్ లోపలి వైపు, డిటెక్టర్ తీయగానే కంటపడేలా, చెరిగిపోని సిరాతో మూడు విషయాలు రాయించండి: అడ్రస్, తరగతి దాని అక్షరంతో సహా, సెట్ చేసిన తేదీ.